వచ్చిపోయేవారికి గదులు ఇవ్వబడును

మా వీధి చివర ఇగ్నేషియా క్వాషీ ఇంటికి ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. నీలం చెక్క మీద తెల్ల అక్షరాలు. "ట్రాన్సియెంట్స్‌కు గదులు" అని ఉంటుంది దాని మీద. ట్రాన్సియెంట్ అంటే మా దగ్గర వచ్చిపోయే మనిషి. సాయంత్రం దిగి, ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే కోకో టీ తాగి పడవెక్కి పోయేవాడు. ఆ బోర్డు రాయించింది ఇగ్నేషియా కాదు, వాళ్ళమ్మ. ఆ రోజుల్లో తెరచాప ఓడలు ట్రినిడాడ్ నుంచి సరుకేసుకుని వచ్చి మా హిల్స్‌బరో రేవులో ఒక రాత్రి ఆగేవి. ఓడవాళ్ళకు ఊగని మంచం కావాలి, ఆవిడకు కుండ పొయ్యెక్కే దారి కావాలి. ఉప్పుగాలికి రంగు పోయినప్పుడల్లా మళ్ళీ వేయించారు గానీ మాట మాత్రం మార్చలేదు.

మార్చమని నేనే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను.

"టాంటీ, ఆ మాట ఇప్పుడు ఎవరికి తెలుసు? గెస్ట్ హౌస్ అని రాయించు. షికారుకొచ్చే తెల్లవాళ్ళు నలుగురు దిగుతారు."

"వచ్చేవాళ్ళు బోర్డు చదివి రారే లూసెట్. నా చేపల వేపుడు వాసన చూసి వస్తారు. నీ రొట్టెలు మాడుతున్నట్టున్నాయి, వెళ్ళి చూసుకో."

లూసెట్ అంటే నేనే. ఆవిడ ఇంటిపక్క రొట్టెల బట్టీ నాది. మా ఇద్దరికీ మధ్య ఉన్నది పలచని చెక్క గోడ. ఆవిడ చెంచా కింద పడేస్తే నాకు వినిపిస్తుంది, నేను పిండి మీద విసుక్కుంటే ఆవిడకు వినిపిస్తుంది. కాబట్టి ఈ కథలో నేను చెప్పేదంతా కళ్ళారా చూసిందీ చెవులారా విన్నదీ. అక్కడక్కడా కొంచెం ఊహించాననుకోండి, అది ఇరుగుపొరుగుకు ఉన్న హక్కు.

ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ టాంటీయే, అంటే అత్తయ్యే. నిలువెత్తు మనిషి, తలకు ఎప్పుడూ పచ్చ గుడ్డ, రేవు దాకా వినిపించే గొంతు. వయసులో ఉండగా ఒకసారి పెళ్ళి దాకా వచ్చింది. ఆ పెళ్ళికొడుకు అరూబాలో చమురు పనికని వెళ్ళాడు, అక్కడే ఇంకెవరినో చేసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు ఓడల మీద పోయారు. ఒకడు ఇంగ్లండులో తేలాడు, ఒకడు అసలు తేలనే లేదు. చివరికి అమ్మ పోయింది. ఇల్లూ బోర్డూ ఇగ్నేషియాకు మిగిలాయి. పోయేవాళ్ళను సాగనంపడంలో ఈ కారియాకూ దీవి మొత్తం మీద ఆవిడంత చెయ్యి తిరిగిన మనిషి ఇంకొకరు లేరు.

ఆవిడకు ఒక పద్ధతి ఉంది. బసకు వచ్చినవాళ్ళను పేరు పెట్టి పిలవదు. ఏ దీవి నుంచి వస్తే ఆ దీవే వాళ్ళ పేరు. మిస్టర్ బార్బడోస్, ఇంకొంచెం చేప వేయనా? మిస్టర్ సెయింట్ లూసియా, మీ చొక్కా ఆరింది. ఇదేం పద్ధతి టాంటీ అని అడిగితే, "పేరు తెలిస్తే పోయాక కూడా ఆ పేరు ఇంట్లోనే తిరుగుతుందే. దీవి పేరైతే వాళ్ళతోనే పోతుంది," అంది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

అలా వచ్చినవాడే మిస్టర్ బెక్వే. అసలు పేరు ఎవాండర్ ఒలివియేర్. తెరచాపలు కుట్టే పని. బెక్వే దీవి నుంచి ఒక చిరిగిన చాపను బాగుచేయడానికి వచ్చాడు. ఒక్క రాత్రి బస, రేపు పొద్దుటి పడవకు వెళ్ళిపోతానన్నాడు. మర్నాడు సముద్రం బాగోలేదు. ఆ మర్నాడు ఇంకో పడవ వాళ్ళు చాప తెచ్చిపడేశారు. తర్వాత ఆగస్టు పడవ పందాలు దగ్గరపడ్డాయి, ఊళ్ళో ప్రతి తెరచాపకూ ఒక చిరుగు కనబడింది. మొత్తానికి ఆ మనిషి రేపు పొద్దుటి పడవకు వెళ్ళబోతూ వెళ్ళబోతూ పద్దెనిమిదేళ్ళు ఉండిపోయాడు. వచ్చినప్పుడు నల్లగా ఉన్న మీసం ఇప్పుడు ముగ్గుబుట్ట. ఊళ్ళో ఆయనకు పెట్టిన పేరు ట్రాన్సియెంట్. "ట్రాన్సియెంట్ ఉన్నాడా?" అని పడవలవాళ్ళు నా బట్టీకొచ్చి అడుగుతారు.

రోజూ సాయంత్రం భోజనం అయ్యాక వాళ్ళిద్దరి మధ్యా ఒకే సంభాషణ జరుగుతుంది. గోడ ఇవతల నాకు కంఠతా వచ్చు.

"భోజనం దివ్యంగా ఉంది ఇంటావిడగారూ. రేపు పొద్దుటి పడవకు బయలుదేరతాను."

"వెళ్ళే ముందు దుప్పటి మడిచిపెట్టి వెళ్ళండి, మిస్టర్ బెక్వే."

అంతే. ఆయన నవ్వుకుంటూ గదికి, ఆవిడ నవ్వు దాచుకుంటూ వంటింటికి. పద్దెనిమిదేళ్ళలో అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనుకున్నట్టు నాకు తెలియదు. వాళ్ళిద్దరినీ పట్టుకుని తలకాయలు ఢీకొట్టించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఈస్టర్ వెళ్ళిన తర్వాత ఒకరోజు పొద్దున్నే గోడ అవతల గరిటె కింద పడింది. గరిటె పడటం మామూలే, కానీ వెంటనే తిట్టు వినబడాలి. వినబడలేదు. నేను పిండి చేతులతోనే పరిగెత్తాను. టాంటీ పొయ్యి ముందు నిలబడి తన కుడిచేతిని చూసుకుంటోంది, అది ఎవరి చెయ్యో అన్నట్టు. మూతి ఒక పక్కకు జారింది. ఏదో చెప్పబోయింది, మాట ముద్దగా వచ్చింది. మిస్టర్ బెక్వే అప్పటికే ఆవిడ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెడుతున్నాడు. "వ్యాను తియ్యి లూసెట్!" అని కేక వేశాడు. ఆయన గొంతు పెంచగా అంతకుముందు ఎన్నడూ వినలేదు నేను.

నా రొట్టెల వ్యానులో ఆస్పత్రికి చేరేసరికి ఆవిడ మూతి సర్దుకుంది, చెయ్యి కదిలింది. "పొయ్యి మీద చేప మాడిపోయుంటుంది," అని స్పష్టంగా చెప్పింది. నేను ఏడ్చేశాను.

నర్సు వెర్లిన్ ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ వారం ఆవిడ సెలవు మీద పెద్ద దీవి గ్రెనడాకు వెళ్ళింది. ఉన్నది క్యూబా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు. కుర్రవాడు, మంచివాడు, పాపం ఇంగ్లీషు ఇంకా నోరు తిరగలేదు. మమ్మల్ని బయట కూర్చోబెట్టి టాంటీ కళ్ళలోకి దీపం వేసి చూశాడు, వేళ్ళు పట్టుకోమన్నాడు, నాలుక చాపమన్నాడు. బిళ్ళలిచ్చాడు. ఉప్పు వద్దన్నాడు, పది రోజుల్లో మళ్ళీ రమ్మన్నాడు. చివరికి ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మాట కోసం వెతుక్కుని, మెల్లగా చెప్పాడు.

"అమ్మా. ట్రాన్సియెంట్. ట్రాన్సియెంట్, అంతే."

చెప్పి నవ్వాడు. ధైర్యం చెప్పే నవ్వే అది. కానీ టాంటీకి ఆ నవ్వు పాదిరిగారి నవ్వులా కనబడింది.

ఆవిడ స్థానంలో నిలబడి ఆలోచించండి. నలభై ఏళ్ళుగా ఆ మాటను ఇంటి గుమ్మానికి వేలాడదీసుకున్న మనిషి. ఆవిడకు తెలిసినంతవరకు ట్రాన్సియెంట్ అనేది జబ్బు కాదు, మనిషి. ఒక్క రాత్రి ఉండి పోయే మనిషి. పైగా మా పాదిరిగారు ప్రతి సమాధి దగ్గరా అదే చెబుతాడు, ఈ లోకం మనకు ఒక రాత్రి బస అని. డాక్టరు తన చెయ్యి పట్టుకుని, నువ్వు ఇక పోయే మనిషివమ్మా అంతే, అని చెప్పాడనుకుంది టాంటీ. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ చెప్పలేదు. వ్యానులో ఇంటికి వస్తూ సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. "డాక్టరు ఏమన్నాడు?" అని మిస్టర్ బెక్వే అడిగితే, "ఉప్పు తగ్గించమన్నాడు," అంది.

అయినా ఒక చిన్న ఆశ ఉన్నట్టుంది. మర్నాడు మిస్ కడ్జో దగ్గరకు వెళ్ళింది. నేను తోడు వెళ్ళాను, ఎందుకో తెలియకుండానే.

మిస్ కడ్జో మా అందరికీ టీచరు. ఎనభై దాటింది, ఇప్పటికీ ఎవరైనా తప్పు మాట వాడితే చేతికర్ర నేలకేసి కొడుతుంది. పదకొండేళ్ళకు రాసే పెద్ద పరీక్ష కోసం మాకు పర్యాయపదాలు నూరిపోసింది ఆవిడే. ఆవిడ ఒక మాట ఇస్తే మేము అయిదు తిరిగి ఇవ్వాలి, ఆపైన దాన్ని వాక్యంలో వాడి చూపించాలి. నేను ఎన్నడూ మూడు దాటలేదు. అందుకే రొట్టెలు కాలుస్తున్నానని ఆవిడ అభిప్రాయం.

"టీచరు గారూ, ఒక మాట అడగాలి. ట్రాన్సియెంట్ అంటే బసకొచ్చే మనిషి అని నాకు తెలుసు. ఇంకేమన్నా అర్థం ఉందా?" అంది టాంటీ.

ముసలావిడ మొహం వెలిగిపోయింది. ఎన్నేళ్ళయిందో పాపం, ఎవరైనా వచ్చి ఒక మాట అడిగి. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"షార్ట్ లివ్డ్. అంటే అల్పాయుష్షు."

టాంటీ కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"ఫ్లీటింగ్. పట్టుకుందామంటే జారిపోయేది. టెంపరరీ, కొద్ది కాలానికి మాత్రం ఉండేది. ఎఫెమెరల్. ఇది చాలా అందమైన మాట ఇగ్నేషియా, పొద్దున్నే పుట్టి సాయంత్రానికి చచ్చిపోయే పురుగులకు వాడతారు."

"ఇంకా ఉన్నాయా టీచరు గారూ?"

"ఇంకొకటి. అన్నిటికన్నా తేలికైనది. పాసింగ్. అంటే పోయేది."

మా దీవిలో ఎవరూ చచ్చిపోయారని అనరు. పాస్ అయ్యారంటారు, పోయారని. టాంటీ లేచి నిలబడింది.

"కూర్చో. వాక్యంలో వాడి చూపిస్తాను," అంది మిస్ కడ్జో.

"వద్దు టీచరు గారూ. అర్థమైంది."

"వాక్యం లేకుండా ఎలా అర్థమవుతుంది?"

"అయింది," అంది టాంటీ, దణ్ణం పెట్టి బయటికి నడిచింది. దారిలో నేను నాలుగుసార్లు అడిగితే చెప్పింది, డాక్టరు అన్న మాట ఏమిటో. అబద్ధమని అందామనుకున్నాను. కానీ అయిదు మాటలు విన్నాను కదా, అయిదూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ముఖ్యంగా మిస్టర్ బెక్వేకు.

ఆ తర్వాత ఆవిడ చేసిన పనులు చూస్తే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి. మొదటి పని, బిళ్ళలు అలమరలో పైన పెట్టేసింది. పోయేదానికి బిళ్ళలెందుకంది. రెండో పని, తాపీ పని చేసే బాండోను పిలిపించింది. వాళ్ళమ్మ సమాధి మీద ఇంకా రాయి నిలబెట్టలేదు. మా దగ్గర రాయి నిలబెట్టడమంటే మాటలు కాదు, ఊరికంతా మొక్కజొన్న పిండితో కూకూ ముద్ద వండాలి, కందులతో మాంసం వండాలి, పోయిన పెద్దలకు తెల్లగుడ్డ పరిచి వేరే పళ్ళెం పెట్టాలి, డప్పులవాళ్ళు రావాలి. అందుకే ఏళ్ళ తరబడి వాయిదాలు పడుతుంటాయి. ఈ మధ్య వాళ్ళమ్మ కలలోకి వచ్చి, నా నెత్తిన ఇంకా మట్టేనా అని తిడుతోందట.

"రాయి పెద్దది చూడు బాండో. అమ్మ పేరు పైన సగంలో చెక్కు. కింద సగం ఖాళీగా వదులు," అంది టాంటీ.

"కింద ఏం రావాలి?"

"తర్వాత చెబుతారు."

"ఎవరు చెబుతారు?"

"నీకెందుకురా, నీ పని నువ్వు చూసుకో," అని కసిరింది. బాండో తల గోక్కుంటూ పోయాడు. నేను గోడ ఇవతల పిండిని అవసరమైన దానికన్నా ఎక్కువ కొట్టాను.

మూడో పనే అన్నిటికన్నా కష్టమైంది. నాలుగు రోజుల తర్వాత ఒక సాయంత్రం భోజనం అయ్యింది. మిస్టర్ బెక్వే ఎప్పటిలాగే అన్నాడు.

"రేపు పొద్దుటి పడవకు బయలుదేరతాను, ఇంటావిడగారూ."

నేను దుప్పటి మాట కోసం చూస్తున్నాను. రాలేదు.

"మంచిది. బయలుదేరండి," అంది టాంటీ.

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అర్థం కాలేదండీ."

"గదులు మూసేస్తున్నాను మిస్టర్ బెక్వే. మీకు మీ దీవి ఉంది, మీ చెల్లెలు ఉంది. ఒక రాత్రికని వచ్చారు. చాలా రోజులు ఉన్నారు. నా వల్ల లోటు జరిగుంటే ఏమీ అనుకోకండి."

"నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

"లేదు. మీ వల్ల ఏ తప్పూ జరగలేదు. అందుకే వెళ్ళమంటున్నాను."

కాసేపటికి వంటింటి గుమ్మంలోంచి నన్ను పిలిచింది. వెళ్ళేసరికి గిన్నెలు తోముతోంది, తోమినవే మళ్ళీ తోముతోంది. ఎందుకు పంపేస్తున్నావు, ఇప్పుడే కదా నీకు మనిషి కావలసింది అని నిలదీశాను.

"లూసెట్, నా జన్మంతా ఈ గుమ్మంలో నిలబడి పోయేవాళ్ళను చూశాను. మిగిలిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ గదిలో ఆయన ఒక్కడే కూర్చుని నా ఖాళీ కుర్చీని చూసుకోవడం నాకిష్టం లేదు. ఆయన ముందు పోతే సరి. పోయేవాళ్ళను పంపడం నాకు అలవాటే."

ఆవిడను గట్టిగా వాటేసుకుని ఇంటికి వచ్చాను.

పొద్దున్నే మిస్టర్ బెక్వే సంచి భుజాన వేసుకుని దిగాడు. చాపలు కుట్టే సూదులు, అరచేతికి తొడుక్కునే తోలు, రెండు చొక్కాలు. పద్దెనిమిదేళ్ళ సామాను అంతే. నా బట్టీ ముందు ఆగి టోపీ తీశాడు, రేవు వైపు పోయాడు. టాంటీ తలుపు దగ్గరకు రాలేదు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, ఇటువైపు నుంచి కర్ర చప్పుడు వినబడింది. మిస్ కడ్జో. ఎనభై దాటిన మనిషి, పొద్దుటి పూట, మిట్ట దిగి నడిచి వచ్చింది. రొప్పుతూనే టాంటీ గుమ్మం మీద కర్రతో కొట్టింది.

"ఇగ్నేషియా, బయటికి రా. నీ వల్ల నాకు నిద్ర లేదు."

"ఏమైంది టీచరు గారూ?"

"నా ఇన్నేళ్ళ చదువు చెప్పడంలో వాక్యం వద్దని లేచిపోయినదానివి నువ్వొక్కదానివే. లూసెట్ లాంటిది కూడా కూర్చుని వినేది. నేను నీకు అయిదు మాటలిచ్చాను. అయిదూ విశేషణాలు. విశేషణం ఒంటరిగా నిలబడదు, దాని పక్కన ఇంకో మాట ఉండాలి. జారిపోయేది, సరే, ఏది జారిపోయేది? పోయేది, సరే, ఏది పోయేది? ఆ మాట నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పు, అసలు ఆ మాట నీకు ఎవరు చెప్పారు, దేని గురించి చెప్పారు?"

టాంటీ నా వైపు చూసింది. ఒట్టు సంగతి నేను పట్టించుకోలేదు. మొత్తం చెప్పేశాను, డాక్టరు, చెయ్యి, మూతి, బిళ్ళలు, అలమర, రాయి, అన్నీ.

మిస్ కడ్జో కర్ర మీద రెండు చేతులూ ఆనించి విన్నది. "ఏది పోయేది అన్నాడు డాక్టరు?" అని మళ్ళీ అడిగింది.

"ఏదీ అనలేదు. ట్రాన్సియెంట్, అంతే, అన్నాడు."

"అంటే పక్క మాట మింగేశాడు. పద, ఆస్పత్రికి."

"ఇప్పుడెందుకు టీచరు గారూ, నాకు తెలిసిందే కదా..."

"నీకు తెలిసింది సగం వాక్యం," అంది మిస్ కడ్జో. ఆ గొంతుకు ఎదురు చెప్పినవాళ్ళు మా ఊళ్ళో లేరు.

మళ్ళీ నా రొట్టెల వ్యానులోనే ముగ్గురం వెళ్ళాం. దేవుడి దయ, నర్సు వెర్లిన్ ముందురోజే తిరిగొచ్చింది. నల్లగా, గుండ్రంగా, ఎప్పుడూ ఎవరినో ఒకరిని కేకలేస్తూ ఉండే మనిషి. టాంటీ వివరాలున్న కాగితం తీసి చూసింది, మా మొహాలు చూసింది.

"డాక్టరు ఈవిడకు ట్రాన్సియెంట్ అని చెప్పాడా?" అని మిస్ కడ్జో అడిగింది.

"చెప్పాడు. నిజమే."

టాంటీ కళ్ళు మూసుకుంది.

"అయితే వాక్యం పూర్తి చెయ్యి. ఏది ట్రాన్సియెంట్?"

"ఏదేంటి టీచరు గారూ? ఆ వచ్చిన జబ్బు. పక్షవాతం లాంటిది వచ్చింది కదా, అది. మెదడుకు కాసేపు రక్తం అందలేదు, మళ్ళీ అందింది. వచ్చింది, పోయింది. అందుకే దాన్ని అలా అంటారు." వెర్లిన్ మా మొహాలు మార్చి మార్చి చూసింది. "మీరేమనుకున్నారు?"

టాంటీ మెల్లగా కళ్ళు తెరిచింది.

"పోయేది నేను కాదా?"

"నువ్వెక్కడికి పోతావు టాంటీ? నీ నాడి నా నాడికన్నా బాగా కొట్టుకుంటోంది."

టాంటీ కాసేపు ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నట్టు కూర్చుంది. తర్వాత చాలా మెల్లగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ అంది.

"అంటే బసకొచ్చింది అది. ఇంటావిడ్ని నేను."

"ఇంటావిడవే," అంది వెర్లిన్. "కానీ తలుపు బార్లా తీసి పెడితే మళ్ళీ దిగుతుంది. ఈసారి సామానుతో దిగి ఉండిపోతుంది. బిళ్ళలు వేసుకుంటున్నావా?"

"అలమరలో ఉన్నాయి," అన్నాను నేను.

ఆ తర్వాత వెర్లిన్ పెట్టిన చీవాట్లు ఆస్పత్రి మొత్తం విన్నది. ఉప్పు పంది మాంసం ముట్టుకుంటే తానే వచ్చి కుండ పగలగొడతానంది. ఒక్క పూట బిళ్ళ మానినా ఊరుకోనంది. టాంటీ తల వంచుకుని అన్నిటికీ సరే సరే అంటోంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి చివరికి నిజంగానే ఏడ్చింది. మిస్ కడ్జో తన రుమాలు ఇచ్చింది. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు, నేను చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. గుండె మీద నుంచి పిండి బస్తా దింపినట్టయింది. అంత తేలికగా నా జన్మలో ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

బయటికి వచ్చేసరికి రేవు వైపు నుంచి పడవ కూత వినబడింది. పొద్దుటి పడవ వెళ్ళిపోతోంది.

టాంటీ మొహంలో నవ్వు ఆగిపోయింది. "బండి తియ్యవే," అంది.

దారిలో బాండో రాయి ముందు కూర్చుని కింద ఖాళీ సగాన్ని నునుపు చేస్తున్నాడు. టాంటీ కిటికీలోంచి తల బయటపెట్టి కేక వేసింది.

"బాండో, ఆ ఖాళీలో పువ్వులు చెక్కు."

"ఏం పువ్వులు?"

"నీ ఇష్టం వచ్చినవి. నిండా చెక్కు. ఒక్క అక్షరానికి కూడా చోటు మిగల్చొద్దు."

రేవు చేరేసరికి పడవ అంత దూరాన తెల్లటి చుక్కలా ఉంది. రేవు చెక్కల మీద మూటలు మోసేవాళ్ళు, చేపల బుట్టల వాళ్ళు సర్దుకుంటున్నారు. చివరన, తాళ్ళు కట్టే మొద్దు మీద, సంచి పక్కన పెట్టుకుని మిస్టర్ బెక్వే కూర్చుని ఉన్నాడు. ఎవరిదో చిరిగిన చాప ఒళ్ళో వేసుకుని కుడుతున్నాడు.

టాంటీ వెళ్ళి ఎదురుగా నిలబడింది. నేనూ మిస్ కడ్జో కాస్త వెనకాల ఆగాం. ఎక్కువ వెనకాల కాదు, వినబడాలి కదా.

"పడవ వెళ్ళిపోయింది," అంది టాంటీ.

"చూశానండీ."

"ఎక్కలేదేం?"

ఆయన సూది ఆపలేదు, తలెత్తలేదు. "దుప్పటి మడిచిపెట్టడం మర్చిపోయాను ఇంటావిడగారూ. అలా పోకూడదు కదా."

టాంటీ వంగి ఆయన సంచి అందుకుంది. ఆ రోజు మాట వినని చెయ్యే అది, కుడిచెయ్యి. సంచి ఎత్తి భుజానికి తగిలించుకుంది.

"డాక్టరు చెప్పింది వేరేట. పోయేది నేను కాదట," అంది. "ఇంటికి పద ఎవాండర్. కోకో టీ చల్లారిపోతుంది."